పాలు కంపెనీవి... తోడు మనది!

దీపాలు పెట్టే వేళకి ఫోను మోగింది. చూస్తే రాజోలు దగ్గర పల్లెలో ఉంటున్న మా తోటికోడలు. తను ఎప్పుడు ఫోను చేసినా ముందు పిల్లల కబుర్లు, ఆ తర్వాతే అసలు విషయం. ఆ రోజు అదేం లేదు.

"అక్కా, సీసాలన్నీ వెనక్కి వచ్చేశాయి" అంది. తర్వాత కాసేపు మాట లేదు.

ఏ సీసాలో నేను అడగక్కర్లేదు. తనూ, డ్వాక్రా సంఘంలోని మరో నలుగురూ కలిసి కొబ్బరినూనె తీసే పని పెట్టుకున్నారు. ఎండుకొబ్బరిని గానుగాడించి తీసే నూనె కాదు. పచ్చికొబ్బరి కోరి, పాలు పిండి, ఆ పాల నుంచి తీసేది. వర్జిన్ కోకోనట్ ఆయిల్ అని షాపుల్లో అమ్ముతున్నారే, అదన్నమాట. బ్యాంకు అప్పు కొంత, గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది కొంత. కాయకి రేటు పడిపోయినప్పుడు దింపు కూలీ, ఒలుపు కూలీ పోగా చేతిలో మిగిలేది మన కోనసీమలో ఎవరికి తెలియదు? "కాయ అమ్ముకుంటే ఇంతేనక్కా. కాయలోంచి ఏదైనా తీసి అమ్మాలి" అని తనే పట్టుబట్టి మొదలుపెట్టింది.

మొదటి సీసా నాకే తెచ్చిచ్చింది. మంచినీళ్లలా తేటగా ఉంది. మూత తియ్యగానే అప్పుడే కొట్టిన కొబ్బరికాయ వాసన. అమలాపురంలో రెండు షాపులవాళ్లు, రాజమండ్రిలో ఒకాయన సరుకు తీసుకున్నారు. నెలన్నర తిరిగేసరికి అదే నూనె పులిసిన వాసన కొట్టింది. కొన్నవాళ్లు షాపువాళ్లని తిట్టారు, షాపువాళ్లు అట్టపెట్టెలతో సహా సరుకు తిప్పి పంపేశారు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. చెప్పుకోవాలి. "కథలు రాస్తావు కదక్కా, సీసా మీదకి రెండు మంచి ముక్కలు రాసిపెట్టు" అని మా తోటికోడలు అడిగితే ఉత్సాహంగా రాసిచ్చాను. ఆ ముక్కల్లో ఒకటి: "రెండేళ్లు నిల్వ ఉంటుంది." ఎలా తెలుసు నాకు? ఏమీ తెలియదు. ఇంకో కంపెనీ సీసా మీద అలా ఉంటే చూసి రాసేశాను. కథలో అయితే ఒక అబద్ధం రాసినా ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ ఐదుగురు ఆడవాళ్ల అప్పు!

"ఎవర్నడిగి చేశారే ఇదంతా?" అన్నారు మా అత్తయ్యగారు.

"ఫోన్లో వీడియోలు చూసి చేశారత్తయ్యా."

"ఫోన్లో చూసి కూర వండితే ఉప్పెక్కువైందని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, అంతే. అప్పుచేసి పెట్టే పనికి తెలిసినవాళ్లనెవర్నైనా అడగొద్దూ?"

మావారిది ఇంకో మాట. "పెద్ద కంపెనీలకేం, కోట్లుంటాయి. సైంటిస్టుల్ని జీతాలిచ్చి పెట్టుకుంటారు. వీళ్లకెక్కడ కుదురుతుంది?"

నేనూ అంతే అనుకున్నాను. మర్నాటి రాత్రి పాలు తోడుపెడదామని చూస్తే గిన్నెలో తోడు లేదు. పక్కింటికి వెళ్లాను. "దీపాలు పెట్టాక తోడివ్వకూడదమ్మా" అంటూనే ఓ చెంచాడు వేసి పంపారు మామ్మగారు. పాలు ఎన్ని లీటర్లున్నా, ఎంత చిక్కగా ఉన్నా, ఆ చెంచాడు తోడు లేకపోతే పొద్దున్నకి పెరుగు ఉండదు. మరి పెద్ద కంపెనీల ఇంట్లో తోడు ఎప్పుడూ నిండుకోదా? నిండుకుంటే ఎవరింటికి వెళతాయి?

ఆ అనుమానంతో చదవడం మొదలుపెట్టాను. లైబ్రరీ పుస్తకాలు, పాత పేపర్లు, మా అబ్బాయి తీసిచ్చిన కాగితాలు... తెలిసిందేమిటంటే, మనం గొప్పగా చెప్పుకునే కంపెనీలు కూడా గిన్నె పట్టుకుని ఒక ఇంటికి వెళ్లాయి. ఆ ఇల్లు మరెవరిదో కాదు. మన పన్నులతో నడిచే సర్కారు పరిశోధన సంస్థలే!

గేదెపాలు పసివాడికి పడతాయా?

మన అమ్మమ్మల కాలంలో పాలపొడి డబ్బా అంటే విదేశాల నుంచి వచ్చేదే. అదీ ఆవుపాలతో చేసింది. అప్పట్లో మన దేశంలో పాడి అంటే ఎక్కువగా గేదె. గేదెపాలలో వెన్న ఆవుపాలలో కంటే ఇంచుమించు రెట్టింపు. కడుపులోకి వెళ్లాక గట్టిగా విరుగుతాయి కూడా. పసిబిడ్డ అరిగించుకోవడం కష్టం. ఆ పాలతో పిల్లల ఆహారం చేయడం కుదిరే పని కాదని తేల్చేసినవాళ్లూ ఉన్నారు.

1950లో మైసూరులో, చెలువాంబ భవనం అనే పాత రాజమందిరంలో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ మొదలైంది. అక్కడి శాస్త్రవేత్తలు ఈ గేదెపాల చిక్కుముడి పట్టుకున్నారు. వెన్న ఎంత తగ్గించాలి, గట్టిగా విరగకుండా ఏం చేయాలి, ఏ విటమిన్లు కలపాలి, పొడి చేశాక పాడవకుండా ఎలా ఉంచాలి... ఒక్కొక్కటే తేల్చుకుంటూ వెళ్లారు. వాళ్లు తేల్చిన పద్ధతిని 1960 ప్రాంతంలో గుజరాత్‌లోని ఆనంద్‌లో పాడి రైతుల సహకార సంఘం అందిపుచ్చుకుంది. అదే అమూల్! ఆ సంఘం పుట్టింది 1946లో. పాలు పోసే రైతులున్నారు, పాలు కొనే జనమున్నారు, ఫ్యాక్టరీ ఉంది. లేనిదల్లా ఆ చెంచాడు తోడు. అది మైసూరు నుంచి వచ్చింది.

తల్లిపాలకి సాటి ఏదీ లేదన్నది వేరే చెప్పక్కర్లేదు. పాలడబ్బాల ప్రకటనల్ని కట్టడి చేస్తూ 1992లో చట్టం కూడా వచ్చింది. నేను చెబుతున్నది వేరే సంగతి. ఆ పరిశోధన అంతా ఆనంద్ సంఘమే సొంత డబ్బుతో చేసుకుని ఉంటే, విఫలమైన ప్రతి ప్రయత్నం ఖర్చూ పాలు పోసిన రైతు మీదే పడేది. తప్పులు చేసే ఖర్చు మైసూరు సంస్థ భరించింది. ఒప్పు మాత్రం ఆనంద్‌కి చేరింది. ఇది ఆలోచించాల్సిన మాట.

అద్దె గదిలో పుట్టిన టీకా

ఇప్పుడు మన హైదరాబాదు కథ. హెపటైటిస్ బి అనే కాలేయ జబ్బు గురించి వినే ఉంటారు. రక్తం ద్వారా, కలుషితమైన సూదుల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకి కూడా వస్తుంది. దీనికి టీకా ఉంది గానీ, 1990ల తొలి రోజుల్లో అది దిగుమతి సరుకు. ఒక్కో మోతాదు వందల రూపాయలు. మూడు మోతాదులు వేయించాలి. ఇంట్లో నలుగురుంటే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. మధ్యతరగతి ఇళ్లలోనే వెనకాడేవాళ్లు.

నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. టీకాలకీ ఆయన చదువుకీ సంబంధం లేదు. అయినా ఆ టీకా ఇక్కడే చేయాలన్న పట్టుదలతో 1993లో అమ్మ శాంతమ్మ గారి పేరుతో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. కంపెనీ అయితే పెట్టారు గానీ, టీకా తయారీకి కావాల్సిన ప్రయోగశాల? ఖరీదైన యంత్రాలు? అడిగితే చెప్పే పెద్దలు? కొత్తగా పెట్టిన కంపెనీకి ఎక్కడి నుంచి వస్తాయివన్నీ?

ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది. ఆ తర్వాత హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.లో. జీవకణాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ అది. 1977లో పుష్ప మిత్ర భార్గవ గారి సారథ్యంలో మొదలైంది. ఆ గదుల్లో, ఆ వాతావరణంలో శాంతా శాస్త్రవేత్తలు పని చేసుకున్నారు. వాళ్లు చేసిన పని మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే... రొట్టె పొంగడానికి వాడే ఈస్టు తెలుసుగా? దాని జాతిదే ఒక సూక్ష్మజీవిలోకి హెపటైటిస్ బి వైరస్ తాలూకు ఒక్క జన్యువుని చేర్చారు. అప్పుడది పెరుగుతూ వైరస్ పైపొరలో ఉండే ప్రొటీన్‌ని తయారుచేస్తుంది. దాన్ని శుద్ధి చేస్తే టీకా. అసలు వైరస్ అందులో ఉండదు గనక జబ్బు వస్తుందన్న భయం లేదు.

1997 ఆగస్టులో 'శాన్‌వాక్-బి' విడుదలైంది. జన్యు సాంకేతికతతో మన దేశంలోనే రూపొందిన మొదటి టీకా అది. దాని వెనకే మరికొన్ని మన కంపెనీలూ వచ్చాయి. ధర దిగివచ్చింది. 2002లో ప్రభుత్వం కొన్నిచోట్ల ప్రయోగాత్మకంగా ఈ టీకాని పిల్లల టీకాల్లో చేర్చింది. 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది. ఇవాళ ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకాల్లో ఇదొకటి.

పసినోట్లో ఐదు చుక్కలు

మూడో కథ నాకు అన్నిటికంటే దగ్గరిది. విరేచనాలతో పసిపిల్లలు వడలిపోవడం చూడని తల్లి మన తరంలో అరుదు. పిల్లల్లో తీవ్రమైన విరేచనాలకి ముఖ్య కారణం రోటావైరస్.

1985-86 ప్రాంతంలో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో ఒక వింత కనిపించింది. అప్పుడే పుట్టిన కొందరు పిల్లల మలంలో రోటావైరస్ ఉంది. కానీ ఆ పిల్లలకి విరేచనాలు లేవు! అటువంటి పిల్లలకి తర్వాత కూడా తీవ్రమైన జబ్బు రావడం లేదు. డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ గారి బృందం ఆ వైరస్‌ని వేరుచేసి దాచింది. దానికి పెట్టిన పేరు 116ఇ. జబ్బు చేయకుండా కాపలా కాసే వైరస్ అన్నమాట. ఎంత అపురూపమైన తోడో చూడండి!

దాన్ని టీకాగా చేసే బాధ్యత హైదరాబాదులోని భారత్ బయోటెక్ తీసుకుంది. 1996లో కృష్ణా ఎల్లా, సుచిత్రా ఎల్లా దంపతులు పెట్టిన సంస్థ అది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, కొన్ని అమెరికా సంస్థలు కూడా చేయి కలిపాయి. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో దాదాపు 6,800 మంది పసిపిల్లలతో పరీక్షలు జరిగాయి. 2014లో 'రోటావాక్'కి అనుమతి వచ్చింది. ప్రభుత్వాలకి మోతాదు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందే మాట ఇచ్చింది. 2016 మార్చిలో పిల్లల టీకాల కార్యక్రమంలో దీన్ని మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో ఐదేసి చుక్కలు. సూది కూడా లేదు.

ఎయిమ్స్‌లో ఆ వైరస్ కంటబడిన నాటి నుంచి మన ఊరి ఆరోగ్య కేంద్రంలో చుక్కలు వేసిన నాటికి ముప్పై ఏళ్లు!

కంపెనీకి ఒరిగేదేమిటి?

ఈ మూడు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలిగ్గా తేలుతుంది.

మొదటిది, కాలం. ముప్పై ఏళ్ల పాటు వడ్డీ కట్టుకుంటూ ఫలితం కోసం కూర్చోగల కంపెనీ ఎక్కడుంది? మొదటి ఏళ్ల వెతుకులాట, పొరపాట్లు, మళ్లీ మొదలుపెట్టడాలు... ఇవన్నీ ప్రభుత్వ సంస్థ ఖాతాలో పడతాయి. కంపెనీ దారి సగం నడిచేసిన చోట నుంచి మొదలుపెడుతుంది.

రెండోది, సామాను. ఏడాదికి నాలుగుసార్లు వాడే యంత్రాన్ని ఎవరు కొంటారు? పెళ్లి గుండిగలు మనం కొనుక్కుంటామా? అద్దెకి తెచ్చుకుంటాం. ఇదీ అంతే.

మూడోది, మనుషులు. ఒకే విషయం మీద ఇరవై ఏళ్లు తల పండించుకున్న శాస్త్రవేత్త ఒక్క పూట కూర్చుని చెప్పిన మాట ఆరు నెలల తిప్పట తప్పిస్తుంది. అక్కడ చదువుకుని పని నేర్చిన కుర్రవాళ్లే తర్వాత ఆ కంపెనీల్లో ఉద్యోగులవుతారు.

నాలుగోది, నమ్మకం. మా సరుకు మంచిదని మేమే చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? ఆ లాభంలో వాటా లేని ప్రయోగశాల చెబితే డాక్టరూ నమ్ముతాడు, తల్లీ నమ్ముతుంది.

ఐదోది, గిరాకీ. టీకాల్లాంటి వాటిని అందరికంటే ఎక్కువగా కొనేది ప్రభుత్వమే. దాని అవసరం ఏమిటో మొదటి నుంచీ తెలిసి చేసిన సరుకుకి చోటు దొరుకుతుంది.

అలాగని కంపెనీ గొప్పేం లేదనుకోకండి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇంట్లో నలుగురికి చేసిన పులిహోర వేరు, పెళ్లిలో నాలుగొందల మందికి కలిపే పులిహోర వేరు. ప్రయోగశాలలో గాజు సీసాలో కుదిరింది ఫ్యాక్టరీలో వేల లీటర్ల తొట్టెలో కుదరాలని లేదు. దాన్ని కుదర్చడం, ప్రతిసారీ ఒకేలా రప్పించడం, డబ్బు ఒడ్డడం, ఊరూరికీ చేర్చడం కంపెనీ పని. అది లేకపోతే పరిశోధన కాగితాల్లోనే ఉండిపోతుంది. తోడు ఒక్కటీ ఉండి పాలు లేకపోయినా పెరుగు లేదుగా!

మరి తోడిచ్చిన ఇంటికి?

ఇక్కడే మనం, అంటే ఆ సంస్థలకి పన్నులు కట్టేవాళ్లం, ఒక ప్రశ్న అడగాలి. లాభం కంపెనీకి సరే. తోడిచ్చిన ఇంటికి ఏం తిరిగొచ్చింది?

కరోనా రోజులు గుర్తున్నాయి కదా. 2020లో పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వైరస్‌ని వేరుచేసి భారత్ బయోటెక్‌కి ఇచ్చింది. దానితో తయారైందే కోవాగ్జిన్. 2021 జనవరి 3న అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది. పుణె సంస్థ భారత వైద్య పరిశోధన మండలి కిందది. అమ్మకాల మీద ఆ మండలికి 5 శాతం రాయల్టీ అని ఒప్పందం. 2022 జనవరి నెలాఖరుకి అలా వచ్చింది 171 కోట్ల రూపాయలకి పైగా అని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. బాగానే ఉంది.

కానీ పేటెంటు దరఖాస్తులో మొదట మండలి పేరు లేదు. 2024 జూన్‌లో ఆ విషయం పేపర్లకెక్కాక, సహ హక్కుదారుగా మండలి పేరు చేర్చేందుకు చర్యలు తీసుకుంటున్నామని కంపెనీ ప్రకటించింది. అన్నదమ్ముల మధ్యనైనా పొలం కాగితాలు మొదట్లోనే సరిగ్గా రాసుకోమంటారు పెద్దలు. ఇదీ అంతే. ఎవరి వాటా ఎంత, ధర ఎంత మించకూడదు, పేరు ఎవరిది... ఇవి ముందే తేల్చుకున్నచోట అందరికీ మేలు. రోటావాక్ ధర మాట ముందే ఇచ్చారు గనకే అది మన ఊరి దాకా వచ్చిందని నాకనిపిస్తుంది.

మన తోటల్లోకి వస్తే...

ఇవన్నీ హైదరాబాదు, ఢిల్లీ కబుర్లు, మన కోనసీమకేమిటంటారా? మీ తోటలో కొబ్బరి మట్ట ఒకటి వంచి ఆకు అడుగున చూడండి. తెల్లగా, ముగ్గు వేసినట్టు గుండ్రటి చారలు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన పురుగు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో కనబడి, ఆ వెనకే మన జిల్లాలకీ చేరింది. ఆకు రసం పీల్చి, జిగురు కారుస్తుంది. దాని మీద మసిలా నల్లటి బూజు. చెట్టు కింద ఆరేసిన బట్టలు కూడా పాడే!

అంత ఎత్తు చెట్టుకి మందు కొట్టించడం కష్టం. కొడితే మేలుచేసే పురుగులూ చస్తాయి. బెంగళూరులో వ్యవసాయ కీటకాల మీద పనిచేసే జాతీయ సంస్థ ఒకటుంది. ఈ దోమని పట్టి చంపే ఒక శిలీంధ్రాన్ని ఆ సంస్థ గుర్తించింది. పేరు ఐసేరియా. దాన్ని పెంచి చల్లించే పని మన అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం చేపట్టింది. రైతులకి పెంచడం నేర్పింది కూడా. ఇలాంటి శిలీంధ్రాల మూల వంగడాన్ని సంస్థల దగ్గర రుసుము కట్టి తీసుకుని, తయారుచేసి అమ్ముకునే కంపెనీలున్నాయి. ఇక్కడ 'తోడు' అన్నది ఉపమానం కూడా కాదు, అక్షరాలా తోడే!

రోడ్ల పక్క గుట్టలు పడి ఉండే కొబ్బరి పొట్టు సంగతీ అంతే. ఊరికే వదిలేస్తే ఏళ్ల తరబడి కుళ్లదు. కేరళలో కాయిర్ బోర్డు పరిశోధన సంస్థవాళ్లు పుట్టగొడుగు జాతి శిలీంధ్రంతో 'పిత్‌ప్లస్' అని ఒకటి తయారుచేశారు. అది కలిపితే పొట్టు నెల రోజుల్లో ఎరువవుతుంది. తగలబెట్టేదాన్ని అమ్ముకోవచ్చు.

సీసా మీద కొత్త ముక్కలు

ఇవన్నీ చదివాక మా తోటికోడల్ని అంబాజీపేట బయల్దేరదీశాను. "సర్కారు ఆఫీసులో మనల్నెవరు పలకరిస్తారక్కా?" అని వెనకాడింది. "పెద్ద కంపెనీలే వెళ్లాయే. మనకేం నామోషీ?" అన్నాను. పాడైన సీసా ఒకటి సంచిలో వేసుకుని వెళ్లాం. కాసరగోడులో కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ ఉందని, ఈ నూనె తీయడం, కొబ్బరి చిప్స్ చేయడం లాంటివి శిక్షణ ఇచ్చి నేర్పుతారని అక్కడ తెలిసింది.

సంఘంలో ఇద్దరు వెళ్లారు. ఒక రాత్రి, ఒక పగలు దాటిన ప్రయాణం. భాష రాదు. అయినా నేర్చుకుని వచ్చారు. వచ్చాక తేలిందేమిటో తెలుసా? మన కొబ్బరి తప్పు కాదు, చేతులు తప్పు కాదు. తడి! పొద్దున్న కడిగిన సీసాలు పూర్తిగా ఆరకముందే మధ్యాహ్నానికి నింపేసేవారు. అసలే మన కోనసీమ గాలి నిండా చెమ్మ. పైకి తేలిన నూనె తోడేటప్పుడు అడుగున ఉన్న నీరు కాస్త కలిసేది. ఈ నూనెలో చెమ్మ నూటికి అర పాలు కూడా ఉండకూడదు. ఆ మిగిలిన నీటితోనే నూనె లోలోపల విడిపోయి, వాసన మారిపోతుంది.

కాయ బాగా ముదిరినదై ఉండాలి, మొలక వచ్చింది పనికిరాదు. పాలు పిండాక ఆలస్యం చేయకూడదు. చివర్లో సన్నటి వేడి మీద చెమ్మంతా పోగొట్టి వడకట్టాలి. వినడానికి ఎంత చిన్న సంగతులు! ఈ చిన్న సంగతులు తెలుసుకోవడానికి ఎక్కడో, ఎవరో ప్రభుత్వ శాస్త్రవేత్త ఎన్ని కాయలు పాడుచేసి ఉంటారో. మా తోటికోడలు అదే పాఠం సొంత గాజులు తాకట్టు పెట్టి నేర్చుకుంది. ముందే అడిగి ఉంటే ఆ గాజులు చేతికే ఉండేవి.

అప్పు ఇంకా తీరలేదు. గాజులు ఇంకా ఇంటికి రాలేదు. రాజమండ్రి షాపాయన మళ్లీ సరుకు తీసుకోనన్నాడు. అమలాపురంలో ఒక షాపు మాత్రం "పది సీసాలు ఇవ్వండి, చూద్దాం" అంది. అక్కడి నుంచే మళ్లీ మొదలు.

ఈసారి సీసా మీద ముక్కలు రాయమంటే నేను తొందరపడలేదు. కొత్త పద్ధతిలో తీసిన నూనె పన్నెండు సీసాల్లో నింపి, తేదీ రాసి, మా వంటింటి అటక మీద వరసగా పెట్టాం. నెలకొకటి మూత తీసి చూడడం. ఒప్పుకున్న నెలలే సీసా మీద రాయాలని మా ఇద్దరి ఒప్పందం. మా ముక్కుతో తేలేది సగమేనని తెలిసి, ప్రయోగశాల పరీక్షకీ పంపుతున్నాం.

మీరూ పచ్చళ్లో, పొడులో, పీచుతో బొమ్మలో ఏదో ఒకటి చేసి అమ్మాలనుకుంటున్నారా? అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్కరోజు కేటాయించండి. అంబాజీపేట పరిశోధన స్థానం, రాజమండ్రిలో కాయిర్ బోర్డు కార్యాలయం, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రం... ఏదో ఒక గడప తొక్కండి. గిన్నె పట్టుకుని వెళ్లడానికి సిగ్గెందుకు? ఆ ఇల్లు మనది. ఆ తోడు మన డబ్బుతో నిలవ ఉంచింది.

మొన్ననే ఆరో సీసా మూత తీశాం. మా అత్తయ్యగారు ముందు వాసన చూశారు. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని మళ్లీ చూశారు. "కొబ్బరికాయ వాసనే" అన్నారు.

అటక మీద ఇంకా ఆరు సీసాలున్నాయి.